ఆటోనగర్‌లో జిమ్నీ సస్పెన్షన్ సర్దుబాటు: ఎత్తు పెంచిన తరువాత మిగిలే పని

విజయవాడలో జీపుల ఎత్తు పెంచే కిట్లు అమ్మేవారు ఇప్పుడు చాలామందే ఉన్నారు, వాటిని బిగించేవారు అంతకంటే ఎక్కువమంది ఉన్నారు. బిగించిన తరువాత ఇరుసు బండికి సరిగ్గా మధ్యలో ఉందా, మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి వస్తోందా, కీళ్ల దగ్గర వేసే బుష్‌లలోని రబ్బరు మెలిపడకుండా కూర్చుందా అని ఒక్కొక్కటిగా చూసి సర్దిపెట్టే చోటు మాత్రం వెతుక్కోవలసి వస్తుంది. నేను ఈ సమీక్ష రాస్తున్నది అటువంటి చోటు గురించే. అది ఆటోనగర్‌లో, లారీల కమాన్ కట్టలు విప్పి పేర్చిన వరుసలో, బోర్డు కూడా లేని ఒక రేకుల షెడ్డు. నడిపేది ఒక పెద్ద మేస్త్రి, ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న ఇద్దరు కుర్రవాళ్లు.

ముందుగా బండి సంగతి చెప్పాలి, ఎందుకంటే సర్దుబాటు అనేది ఆ బండి నిర్మాణాన్ని బట్టే ఉంటుంది. నాది అయిదు తలుపుల మారుతీ సుజుకీ జిమ్నీ. 2023 జూన్‌లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన ఈ బండికి ముందూ వెనుకా ఒకే ముక్కగా ఉండే ఇరుసులు, కాయిల్ స్ప్రింగులు ఉంటాయి. ప్రతి ఇరుసును రెండు పొడవాటి ఆర్మ్‌లు ముందుకూ వెనక్కూ కదలకుండా పట్టుకుంటే, అడ్డంగా వేసిన ఒక రాడ్డు పక్కలకు జరగకుండా పట్టుకుంటుంది. కంపెనీ దీన్ని లేటరల్ రాడ్ అంటుంది, ఆటోనగర్‌లో పాన్‌హార్డ్ రాడ్ అంటేనే తెలుస్తుంది. నా బండికి నగరంలోనే మరొక చోట 50 మిల్లీమీటర్ల ఎత్తు పెంచే స్ప్రింగులు, వాటికి తగిన షాకబ్జార్లు వేయించి, కంపెనీ ఇచ్చిన 195/80 ఆర్15 టైర్ల స్థానంలో 215/75 ఆర్15 టైర్లు తొడిగించాను. కొండపల్లి అడవి దారుల్లోను, వానకు బంకగా మారే గుంటూరు నల్లరేగడి పొలాల డొంకల్లోను ఆ ఎత్తు ఎంత అక్కరకు వస్తుందో తిరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు.

చిక్కు అంతా తారురోడ్డు మీదే మొదలైంది. బండి తిన్నగా పోతున్నప్పుడు స్టీరింగ్ చక్రం ఒక పక్కకు వాలి ఉండేది. మలుపు తిరిగాక చక్రం దానంతట అది తిరిగి రాకపోవడంతో చేత్తో లాగి తేవలసి వచ్చేది. మంగళగిరి దాటి కాజ టోల్‌గేటు వైపు పదహారో నంబరు జాతీయ రహదారిపై వేగంగా పోతుంటే, పక్కనుంచి బస్సు దాటిన ప్రతిసారీ బండి గాలికి కొట్టుకుపోయినట్టు వరుస మారబోయేది. వంతెనల మీద అతుకులు తగిలినప్పుడు స్టీరింగ్‌లో చిన్న వణుకు పుట్టి, కొంతసేపటికి గాని ఆగేది కాదు. కిట్ బిగించినవారు చక్రాల ఎలైన్‌మెంట్ చేయిస్తే సరిపోతుందన్నారు. ఎలైన్‌మెంట్ కేంద్రంలో యంత్రం క్యాస్టర్ అంకెను, అంటే ముందు చక్రాలు మలుపు తిరిగే అక్షం వెనక్కి ఎంత వాలి ఉందో చెప్పే కొలతను, ఎర్రగా చూపించింది, అక్కడి యువకుడు మర్యాదగానే, అది తాము మార్చగలిగినది కాదని చెప్పి కాగితం చేతికిచ్చాడు. ఆ మాట నిజమే. ఒకే ముక్క ఇరుసున్న ఇటువంటి బండికి ఆ యంత్రం దగ్గర మార్చగలిగినది చక్రాల ముందు కొసలు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత, అంటే టో ఒక్కటే. చక్రం నిలువుకు ఎంత వంగి ఉందో చెప్పే క్యాంబర్‌కూ, క్యాస్టర్‌కూ తిప్పే నట్టు లేదు.

షెడ్డులో నాకు మొదట నచ్చిన సంగతి, పానా పట్టుకోవడానికి ముందు టేపు పట్టుకోవడం. మేస్త్రి బండిని చదునైన సిమెంటు నేల మీద నిలిపించి, హ్యాండ్‌బ్రేక్ తీయించి, ముందుకూ వెనక్కూ దొర్లించి స్ప్రింగులను వాటి సహజమైన ఎత్తుకు రానిచ్చారు. తరువాత నాలుగు చక్రాల దగ్గరా హబ్ నడిమి నుంచి పైనున్న మడ్‌గార్డ్ అంచు వరకు కొలిచి సుద్దముక్కతో నేల మీదే రాసుకున్నారు. ఇరుసు ఎటు జరిగిందో చూడడానికి తాపీ మేస్త్రులు వాడే తూకపు గుండును మడ్‌గార్డ్ అంచు నుంచి వేలాడదీసి, దారానికీ చక్రపు రిమ్ముకూ మధ్య దూరాన్ని రెండు పక్కలా చూశారు. ముందు ఇరుసు ఒక వైపుకు జరిగి ఉన్నట్టు ఆ దారం చెప్పింది. లేజర్ పరికరాలున్న చోట్ల కూడా ఎవరూ ఈ కొలత తీయలేదు.

ఇరుసు ఎందుకు జరుగుతుందో తెలిస్తే రాడ్డు కొనే ముందు ఆలోచించుకోవచ్చు. పాన్‌హార్డ్ రాడ్డుకు ఒక కొస ఛాసిస్‌కు, అంటే బండి అడుగు చట్రానికి, మరొక కొస ఇరుసుకు ఉంటుంది, దాని పొడవు మారదు. ఛాసిస్ పైకి లేస్తే రాడ్డు మరింత ఏటవాలుగా నిలబడుతుంది, అంటే అడ్డంగా అది ఆక్రమించే దూరం తగ్గుతుంది, అందువల్ల ఇరుసు ఛాసిస్ కొస ఉన్న వైపుకు లాగబడుతుంది. 800 మిల్లీమీటర్ల రాడ్డు మొదట రెండు కొసల మధ్య 50 మిల్లీమీటర్ల వాలుతో ఉండి, ఎత్తు పెంచాక 100 మిల్లీమీటర్ల వాలుకు వచ్చిందనుకుంటే, ఇరుసు దాదాపు 5 మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది. ముందు రాడ్డు ఛాసిస్ కొస ఒక పక్క, వెనుక రాడ్డుది మరొక పక్క ఉన్న బండ్లలో రెండు ఇరుసులూ ఎదురెదురు దిక్కులకు పోయి, జరుగుడు రెట్టింపై కనిపిస్తుంది. పొడవు మార్చుకోగల రాడ్డు వేస్తే ఇది పోతుంది. మేస్త్రి ఆ రాడ్డును బండి నేల మీద నిలబడి ఉండగానే సర్దారు. ఒక కొస బోల్టు ఊడదీసి, లాక్ నట్టు వదులు చేసి, కొసను కొద్దికొద్దిగా తిప్పుతూ, బోల్టు చేత్తో తోస్తే దూరేంత వరకు తెచ్చి, గుండుతో మళ్లీ కొలిచి, అప్పుడే లాక్ నట్టు బిగించారు. ఇదే రాడ్డును కొందరు జాకీల మీద లేపిన బండికి వేస్తారు. అప్పుడు ఇరుసు వేలాడుతూ వేరే చోట ఉంటుంది కాబట్టి, ఆ కొలతకు అర్థం లేదు.

రాడ్డు పొడవు మార్చే బదులు ఛాసిస్ దగ్గరి కొసను కిందికి దించే బ్రాకెట్లు కూడా బజారులో దొరుకుతాయి. అవి ఎందుకు వద్దని అడిగితే మేస్త్రి చెప్పిన కారణం నాకు సబబుగా తోచింది. స్టీరింగ్ బాక్సు నుంచి చక్రానికి పోయే డ్రాగ్ లింకూ పాన్‌హార్డ్ రాడ్డూ దాదాపు ఒకే వాలులో ఉండేలా కంపెనీ అమర్చుతుంది. రెండింటిలో ఒకదాని వాలు మాత్రమే మారిస్తే, గతుకులో చక్రం పైకి లేచినప్పుడు రెండూ వేర్వేరు వంపుల్లో కదిలి, డ్రైవరు చెయ్యి కదలకపోయినా స్టీరింగ్ తిరుగుతుంది. రెండూ కలిపి దించితే వేరు సంగతి.

అసలు పని క్యాస్టర్ దగ్గర ఉంది. ముందు చక్రం కుడి ఎడమలకు తిరిగే అక్షం పైభాగం వెనక్కి వాలి ఉండడాన్ని క్యాస్టర్ అంటారు. సైకిల్ ముందు ఫోర్కు వెనక్కి వాలి ఉండడం కూడా చేతులు వదిలినప్పుడు సైకిల్ తిన్నగా పోవడానికి తోడ్పడుతుంది, జీపులోనూ అంతే. జిమ్నీ ముందు ఇరుసును పట్టుకున్న ఆర్మ్‌ల వెనుక కొసలు ఛాసిస్‌కు ఉంటాయి. ఛాసిస్ పైకి లేచినప్పుడు ఆ కొసలూ లేచి, ఆర్మ్‌లతో పాటు ఇరుసు మొత్తం ముందుకు పొర్లుతుంది. ఆర్మ్ పొడవు 900 మిల్లీమీటర్లనుకున్నా, 50 మిల్లీమీటర్ల ఎత్తుకు మూడు డిగ్రీలకు పైగా వాలు పోతుంది. అసలు ఉన్నదే కొన్ని డిగ్రీలు కాబట్టి ఈ నష్టం చిన్నది కాదు, స్టీరింగ్ వెనక్కి రాకపోవడానికీ రహదారి మీద బండి తడబడడానికీ కారణం ఇదే. దీన్ని సరిచేయడానికి రంధ్రం నడిమికి కాక పక్కకు ఉన్న బుష్‌లను ఆర్మ్‌లకు ఎక్కిస్తారు, లేదా వంపు మార్చి చేసిన ఆర్మ్‌లే వేస్తారు. నాకు బుష్‌లు సరిపోతాయన్నారు.

బుష్‌లు ఎక్కించడంలో వీరి జాగ్రత్త ప్రత్యేకంగా చెప్పుకోదగినది. పక్క రంధ్రం బుష్‌ను తలకిందులుగా ఎక్కిస్తే క్యాస్టర్ పెరగడానికి బదులు ఇంకా తగ్గుతుంది, ఎక్కించాక మళ్లీ తీయాలంటే ప్రెస్సు కింద బుష్ పాడైపోతుంది. అందుకని ఆర్మ్ విప్పక ముందే పాత బుష్ స్థానాన్ని తెల్ల రంగుతో గీసి, కొత్త బుష్ గుర్తును దానితో సరిపోల్చి, పెద్ద మేస్త్రి స్వయంగా వచ్చి చూసి సరేనన్నాకే కుర్రవాడు ప్రెస్సు హ్యాండిల్ నొక్కాడు. పోయిన వాలునంతా తిరిగి తేవలసిన పని లేదని కూడా ఆయనే చెప్పారు. ఇరుసు పైభాగాన్ని వెనక్కి వాల్చిన కొద్దీ ఇరుసులోని గేర్ల పెట్టె అయిన డిఫరెన్షియల్ మూతి కిందికి దిగుతుంది, ఇంజను శక్తిని దానికి తెచ్చే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్ల కోణం పెరుగుతుంది. ఈ లోపం మామూలుగా రెండు చక్రాల డ్రైవ్‌లో తెలియదు, నాలుగు చక్రాలకు మార్చినప్పుడు అదురుగా బయటపడుతుంది. అందువల్ల స్టీరింగ్ తృప్తిగా వెనక్కి వచ్చేంత వాలు పెట్టి, షాఫ్ట్‌కు ఇబ్బంది లేని చోట ఆగారు. ఇటువంటి బేరీజు కిట్‌తో వచ్చే కాగితంలో రాసి ఉండదు.

బిగింపు గురించి ఆయన అన్న మాటను అలాగే రాస్తున్నాను: "బండిని కింద నిలబెట్టి బిగించాలి సార్. గాల్లో వేలాడతా ఉన్నప్పుడు బిగిస్తే కిందకి దించగానే రబ్బరు మెలిపడిపోద్ది, ఆర్నెల్లు తిరక్కుండా చీలిపోద్ది." ఆర్మ్ బుష్‌లో లోపలి ఇనుప గొట్టం బోల్టు బిగింపుతో కదలకుండా ఆగిపోతుంది, కదలిక అంతా రబ్బరు మెలి ద్వారానే జరుగుతుంది. చక్రాలు వేలాడుతున్నప్పుడు బిగిస్తే ఆ స్థితే రబ్బరుకు విశ్రాంతి స్థితి అవుతుంది, బండి మామూలుగా నిలబడి ఉన్నప్పుడు కూడా అది మెలిపడే ఉంటుంది. పైగా ఆ మెలి స్ప్రింగులా పనిచేసి బండిని అసలుకంటే కొంచెం ఎత్తుగా, బిగుసుగా చూపిస్తుంది. ఇంతకు ముందు నా బండికి బిగించిన బోల్టులన్నిటినీ వీరు నేల మీద వదులు చేసినప్పుడు ఒక ఆర్మ్ దగ్గర కటుక్కున చప్పుడు వచ్చి, ముందు భాగం కంటికి కనిపించేంత కిందికి కుదురుకుంది. వదులు చేసి, బండిని ఊపి, మళ్లీ టార్క్ రెంచ్‌తో బిగించడమే ఆ పూట జరిగిన పనుల్లో అతి చవకైనది. గతుకుల్లో బండి పొడిపొడిగా కొట్టుకోవడం సగం తగ్గింది దానితోనే.

వణుకు విషయంలో, కుదుపులను అణచే స్టీరింగ్ డ్యాంపర్ మార్చేద్దామని ఎవరైనా సులువుగా అనేస్తారు. జిమ్నీకి కంపెనీ నుంచే డ్యాంపర్ ఉంది, దాన్ని మరింత గట్టిది చేస్తే వణుకు కనిపించదు గాని కారణం అలాగే ఉండిపోతుంది. వీరు ముందు చక్రాల బ్యాలెన్స్, రెండు ముందు చక్రాలను కలిపే టై రాడ్ కొసలు, హబ్ బేరింగులు చూసి, ఆ తరువాత ముందు చక్రం మలుపు తిరిగే కీలైన కింగ్‌పిన్ బేరింగుల బిగింపును స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగి పరీక్షించారు. ఒక పక్క వదులు కనిపించింది, అక్కడి పలుచటి షిమ్‌లు సర్దారు. క్యాస్టర్ తగ్గడం, కింగ్‌పిన్ వదులు, పెద్ద టైరు బరువు, ఈ మూడూ కలిసినప్పుడే వంతెన అతుకు దగ్గర పుట్టిన చిన్న కదలిక ఆగకుండా పెరుగుతుందన్నది వారి వివరణ.

ఆ తరువాతి పని స్టీరింగ్ చక్రాన్ని తిన్నగా తేవడం. దీనికి చక్రాన్ని ఊడదీసి ఒక పన్ను జరిపి మళ్లీ పెట్టడం చాలా చోట్ల చేసే అడ్డదారి. బండి అదుపు తప్పకుండా కంప్యూటరు తానే బ్రేకు వేసే ఈఎస్‌పీ ఉన్న బండికి అది తగదు. స్టీరింగ్ ఎంత తిరిగి ఉందో చెప్పే సెన్సారు, బాక్సు నడిమి స్థానం, చక్రాల దిశ, మూడూ ఒకదానితో ఒకటి ఏకీభవించాలి. లేకపోతే తిన్నగా పోతున్న బండిని మలుపు తిరుగుతున్నట్టు కంప్యూటరు పొరబడి బ్రేకు వేయవచ్చు. డ్రాగ్ లింక్ పొడవు మార్చి స్టీరింగును నడిమికి తెచ్చారు, టై రాడ్ మార్చి టో సర్దారు. టో చివరి కొలతకు షెడ్డులో యంత్రం లేదు కాబట్టి, కుర్రవాడిని తోడిచ్చి దగ్గరలోని ఎలైన్‌మెంట్ కేంద్రానికి పంపారు. క్యాస్టర్ గడి ఈసారి పచ్చగా వచ్చింది.

మిగిలిన చిన్న పనులు త్వరగా చెబుతాను. ఒక పక్క చక్రాన్ని దిమ్మ మీదికి ఎక్కించి, ఎదుటి చక్రం పూర్తిగా కిందికి వేలాడేలా చేసి, బ్రేకు గొట్టాలూ ఏబీఎస్ తీగలూ బిగదన్నకుండా ఉన్నాయో లేదో చూశారు. వెనుక బ్రేకు గొట్టం క్లిప్పును కిందికి మార్చారు. షాకబ్జారు పూర్తిగా మూసుకోక ముందే ఇరుసు రబ్బరు స్టాపర్‌కు తగిలేలా ముందు వైపు స్పేసర్లు వేశారు. హెడ్‌లైట్లను గోడ మీద గీత గీసి కిందికి దించారు, ఎదుటివారి కళ్లలో కొట్టే ఎత్తైన జీపులతో నగరం ఇప్పటికే నిండిపోయింది కనుక ఇది నేను అడగకుండానే చేసినందుకు సంతోషించాను. టైరు మారినందువల్ల స్పీడోమీటరులో వచ్చే తేడా ఒకటిన్నర శాతమే, టైరు వ్యాసం 693 నుంచి 703.5 మిల్లీమీటర్లకే పెరిగింది, దాన్ని వదిలేయవచ్చన్నారు.

పరీక్షకు బందరు రోడ్డు మీద కానూరు దాటి వెళ్లి, కృష్ణ కరకట్ట మీదుగా తిరిగి వచ్చాము. తారు మీద స్టీరింగ్ చేతిలో బరువుగా, నమ్మకంగా ఉంది, మలుపు తరువాత వదిలితే వెనక్కి వస్తోంది. కరకట్ట గతుకుల్లో మునుపటి వణుకు లేదు. కంపెనీ నుంచి వచ్చిన రోజున్నంత నిలకడ ఇప్పటికీ లేదు, ఎత్తు పెరిగిన బండికి అది తిరిగి రాదు కూడా. గట్టి గాలిలో రహదారి మీద వేగం తగ్గించుకోవలసిందే. స్ప్రింగులు కొంత కుదురుకున్నాక మళ్లీ తీసుకురమ్మన్నారు, వెళ్తే ఎత్తులు కొలిచి రాడ్డును కొద్దిగా తిప్పి, బోల్టులన్నీ మళ్లీ చూసి, దానికి డబ్బు తీసుకోలేదు.

లోపాలు కూడా ఉన్నాయి. చేసిన పనిని కాగితం మీద రాసి ఇచ్చే అలవాటు ఇక్కడ లేదు. ముందూ వెనుకా కొలతలు, బుష్ ఏ కోణంలో ఎక్కించారు, ఏ బోల్టు ఎంత బిగించారు అన్నవి నేనే నా ఫోనులో ఫోటోలు తీసుకుని దాచుకోవలసి వచ్చింది. నేల మీది సుద్ద రాతలు సాయంత్రానికి చెరిగిపోతాయి. రేపు మరొక ఊళ్లో మరొక మేస్త్రి ఈ బండి కింద దూరితే అతనికి ఆధారం ఏమీ ఉండదు. చెప్పిన సమయానికి పని మొదలు కాదు, లారీ ఒకటి కమాన్ కట్ట విరిగి వచ్చిందంటే మన బండి పక్కకు పోతుంది, ఆ లారీ మీద ఒక కుటుంబం బతుకుతుంది కాబట్టి గట్టిగా అడగడానికీ మనసు ఒప్పదు. కూర్చోవడానికి చోటు లేదు, వేసవిలో ఆ రేకుల కింద నిలబడడం కష్టం. రాడ్డూ బుష్‌లూ మనమే తెచ్చుకోవాలి, వారు తెప్పించరు. పని కూలి మాత్రం కిట్ ఖరీదులో పదో వంతు కూడా కాలేదు.

ఇతర బండ్లవారికి ఒక మాట. కమాన్ కట్టల మీద నిలిచే పాత మారుతీ జిప్సీకి ఈ షెడ్డు పుట్టిల్లే. కట్టకూ ఇరుసుకూ మధ్య ఏటవాలు ముక్కలు పెట్టి క్యాస్టర్ సర్దడం లారీలతో అలవాటైన చేతులకు వెన్నతో పెట్టిన విద్య. 2020కి ముందరి థార్‌లో సీఆర్‌డీఈ రకానికి ముందు వైపు టార్షన్ బార్లు, అంటే మెలిపడి స్ప్రింగులా పనిచేసే ఇనుప కడ్డీలు ఉంటాయి, వాటి బోల్టు తిప్పి ఎత్తు పెంచుకోవడం అందరికీ తెలిసిన చవక పద్ధతే గాని, అలా చేస్తే చక్రం కిందికి వేలాడే దూరం తగ్గుతుంది, యాక్సిల్ జాయింట్ల కోణం పెరిగి వాటి రబ్బరు తొడుగులు త్వరగా చిరుగుతాయి. 2020 తరువాతి థార్‌కు ముందు ఒక్కో చక్రాన్ని విడిగా పట్టే డబుల్ విష్‌బోన్, వెనుక కాయిల్ స్ప్రింగులతో ఒకే ముక్క ఇరుసు. దాని ముందు వైపు ఎత్తు పెంచితే క్యాంబర్ మారుతుంది, అక్కడ మంచి ఎలైన్‌మెంట్ యంత్రమే ముఖ్యం కనుక, యంత్రం ఉన్న చోటికి వెళ్లడమే మేలని నా అభిప్రాయం. వెనుక పాన్‌హార్డ్ రాడ్డు సర్దుబాటుకు మాత్రం ఇక్కడికి రావచ్చు.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు పేర్కొన్న వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు, 2019లో సుప్రీం కోర్టు కూడా ఈ నిబంధనను గట్టిగా సమర్థించింది. వారంటీ, బీమా రెండింటి పైనా దీని ప్రభావం ఉంటుంది కనుక కిట్ వేయించే ముందే బీమా సంస్థతో రాతపూర్వకంగా మాట్లాడుకోవాలి. షెడ్డులో ఈ మాట ఎవరూ ఎత్తరు, అది వారి పనీ కాదు.

వెనుక పాన్‌హార్డ్ రాడ్డు నా బండికి ఇంకా కంపెనీదే ఉంది. తేడా తక్కువగా ఉందని, ఇప్పుడే ఖర్చు పెట్టనక్కరలేదని మేస్త్రి అన్నారు. దాన్ని మార్చే రోజు వస్తే మళ్లీ ఈ షెడ్డుకే తీసుకువెళతాను. పొద్దున్నే, లారీల కంటే ముందు వెళ్లడం మంచిది.